మూడు వరుసల మర్యాద

ఓడ కదిలింది. ఓడలోకి ఎక్కించిన అంబులెన్సు అద్దాలకి తెల్లరంగు పూసి ఉండడంతో చూసి తెలుసుకునే వీలు లేదు, కాళ్ళ కింద రేకు వణికితే తెలిసింది. ఎసెతా గడియారం చూసుకుంది. పది దాటి ఆరు నిమిషాలు, సవాయీ దీవి నుంచి అవతలి ఒడ్డుకి గంటంబావు, సముద్రం బుద్ధిగా ఉంటే గంట, అక్కణ్ణుంచి రాజధాని ఆపియాలో పెద్దాసుపత్రికి ఇంకో ముప్పావు గంట, అంతసేపూ ఈ పిల్ల ఇలాగే ఊపిరి తీస్తూ ఉండాలి, తీస్తుంది, ఎందుకు తియ్యదు, పదమూడేళ్ళ పిల్ల. పువా పడుకుని లేదు. పడుకుంటే ఊపిరాడదని వీపు వెనక మూడు తలగడలూ, చుట్టిన చాపా పెట్టి కూర్చోబెట్టారు. ముక్కులో ఆక్సిజన్ గొట్టం, పాదాలు ఉబ్బి చర్మం మెరుస్తోంది, మెడ పక్కన నరం కొట్టుకోవడం ఇక్కణ్ణుంచే కనిపిస్తోంది. ఊపిరి నిమిషానికి నలభై నాలుగు. ఎసెతా మళ్ళీ లెక్కపెట్టింది, నలభై నాలుగే. తన లెక్క తప్పైతే బాగుండునని లెక్కపెట్టడం ఇరవై రెండేళ్ళ నర్సు ఉద్యోగంలో ఆమెకి ఇదే మొదలు. పిల్లకి అవతలి పక్క తల్లి తెలేసియా ఆకు విసనకర్రతో విసురుతోంది. విసురుతూ విసురుతూ మధ్యలో ఎసెతా వైపు చూస్తోంది, చూసినప్పుడల్లా ఆ కళ్ళలో కృతజ్ఞత, దాన్ని భరించడం మాత్రం ఎసెతా వల్ల కావడంలేదు.

"నువ్వు లేకపోతే ఏమైపోయేవాళ్ళమో నర్సమ్మా. దేవుడే పొద్దున్నే నిన్ను మా ఇంటికి పంపాడు."

దేవుడు కాదు, చేమదుంపల లారీ డ్రైవరు. తెల్లారేసరికి ఆసుపత్రి గేటు ముందు బండి ఆపి హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు, లోపలి ఊళ్ళో ఒక ఆడపిల్ల నాలుగు రోజులుగా కూర్చునే నిద్రపోతోందట, ఒకసారి చూడమన్నాడు. కూర్చుని నిద్రపోతోంది అన్న మాట చెవిన పడగానే ఎసెతాకి ఏ పిల్లో తెలిసిపోయింది. పేరు అడగలేదు. అడక్కుండానే సంచీలో ఒంటి నీరు లాగే మందు పెట్టుకుంది, అడక్కుండానే లారీ ఎక్కి దుంపల బస్తాల పక్కన కూర్చుంది, దారి పొడుగునా డ్రైవరు ఏదో చెబుతుంటే ఊఁ కొట్టింది. తెలియనివాళ్ళైతే పేరు అడుగుతారు. తనకి తెలుసు, తొమ్మిది నెలలుగా తెలుసు, తెలిసి కూడా తెలియనట్టు తిరగడానికి మనిషికి ఎంత తెలివి ఉండాలో అంత తెలివీ తనకి ఉంది. పువాకి తొమ్మిదో ఏట కీళ్ళ జ్వరం వచ్చింది. ఆ జ్వరం మోకాళ్ళలోంచి పోతుంది గానీ గుండెలో మచ్చ పెట్టి పోతుంది, మళ్ళీ మళ్ళీ వచ్చిందా, గుండె లోపలి తలుపులు సరిగ్గా మూసుకోవు, నెత్తురు వెనక్కి కారి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. మళ్ళీ రాకుండా ఆపేది ఒకటే, నాలుగు వారాలకోసారి తుంటికి పెన్సిలిన్ సూది, కనీసం పెళ్ళీడు వచ్చేదాకా. మహా నొప్పి సూది అది. పువా మొదటి రెండేళ్ళూ ఆ సూది పొడిపించుకుంటూ కళ్ళు గట్టిగా మూసుకుని చర్చి పాట పాడేది, పాట అయిపోయేలోగా అయిపోవాలి నర్సమ్మా అని షరతు పెట్టేది, ఎసెతా అయిపోగొట్టేది.

"ఇంక సూదులక్కర్లేదనే అనుకున్నాం," అంటోంది తెలేసియా, విసనకర్ర చెయ్యి మార్చుకుని. "మెసేజి వస్తేనే రండి అన్నావుగా. రాలేదు. ఒక నెల చూశాం, రెండు నెలలు చూశాం. వాళ్ళ నాన్నైతే సంబరపడ్డాడు, మిషను అన్నీ లెక్కకట్టి చూసుకుంటుందంట, నయమైపోయింది కాబట్టే పిలవడంలేదు అన్నాడు. కోడిని కోశాం కూడా."

కోడిని కోశారు. ఎసెతా వంగి ఆక్సిజన్ సిలిండరు ముల్లు చూసింది, చూడాల్సిన పనేం లేదు, నిండుగానే ఉంది, తల దించుకోవడానికి ఒక వంక కావాలి. మెసేజి వస్తేనే రండి. ఆ మాట తనదే, అక్షరం పొల్లుపోకుండా తనదే, కమిటీ ఇంట్లో చాపల మీద కూర్చున్న నలభైమంది ఆడవాళ్ళ ముందు నిలబడి చెప్పింది. ఆ రోజు కొత్త ట్యాబు చేతిలో ఉంది, దాని తొడుగు ఇంకా కొత్త ప్లాస్టిక్కు వాసన వేస్తోంది, అందరికీ చూపించింది, ముట్టుకోనివ్వలేదు. అప్పటిదాకా ఊళ్ళో సూదుల సంగతి నడిచిందంతా ఆడవాళ్ళ కమిటీ కాళ్ళ మీద. నాలుగు వారాలకోసారి గురువారం పొద్దున కమిటీ పెద్ద తుసిపా, డెబ్భై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులతో మూలుగుతూనే కర్ర పుచ్చుకుని బయల్దేరేది, వెనక ఎసెతా మందుల పెట్టెతో. ఇంటింటికీ. తుసిపాకి చదువు రాదు, ఏ ఇంట్లో ఏ పిల్లకి సూది ఉందో మాత్రం వేళ్ళ మీద ఉండేది. గుమ్మంలో నిలబడి అరిచేది, "ఏమే, ఎక్కడ దాక్కున్నావే? మంచం కింద నీ మడమలు కనిపిస్తున్నాయి, నాకు కళ్ళు పోలేదు ఇంకా!" తల్లులకీ తప్పేది కాదు, "చాపలు ఎండెయ్యలేదు, నీళ్ళ తొట్టి కడగలేదు, పైగా సూదికి పిల్లని తెమ్మంటే తలనొప్పా నీకు? మీ అత్తతో చెప్తానుండు." ఎవరూ నొచ్చుకునేవారు కాదు, నొచ్చుకున్నా బయటపడేవారు కాదు. ఆ నడకంటే ఎసెతాకి విసుగు. ఎండ, కుక్కలు, ప్రతి ఇంట్లో కొబ్బరినీళ్ళు తాగకపోతే కోపాలు, పన్నెండిళ్ళకి ఒక పూట. ఆ రోజు ట్యాబు చూపించి, తుసిపా వైపు తిరిగి, నవ్వుతూ అంది, "అమ్మమ్మా, ఇంక నీ మోకాళ్ళకి విశ్రాంతి. గుర్తుపెట్టుకునే పని మిషనుది." ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. తుసిపా కూడా కొట్టింది. కొట్టి, "మరి మంచం కింద ఎవరు చూస్తారే?" అని అడిగింది. అందరూ నవ్వారు, అది హాస్యం అనుకున్నారు, ఎసెతా కూడా అలాగే అనుకుంది, అలా అనుకోవడం అప్పుడు హాయిగా ఉంది.

ఓడ ఒక్కసారి పక్కకి ఒరిగింది. పక్క లారీలో ఏవో డబ్బాలు దొర్లాయి, ఎక్కడో పంది కీచుమంది. పువా కళ్ళు తెరిచి వాంతి వస్తుందన్నట్టు నోటి దగ్గర చెయ్యి పెట్టుకుంది, ఎసెతా గిన్నె పట్టింది, ఏమీ రాలేదు, నురగలాంటి ఉమ్ము ఒక చారగా వచ్చింది, అందులో గులాబి జీర ఉందా లేదా అని ఎసెతా గిన్నెని వెలుతురు వైపు తిప్పింది, ఉంది, కొద్దిగా. తెలేసియాకి కనపడకుండా గుడ్డతో తుడిచేసింది. దాచడం ఎంత తొందరగా అలవడుతుందో మనిషికి, పొద్దుట్నుంచి తను చేస్తున్నదంతా ఇదే. "అయిపోతుంది తల్లీ," అంది. "నర్సమ్మా... దాహం," అంది పిల్ల, మాటకీ మాటకీ మధ్య రెండు ఊపిర్లు. నీళ్ళు ఎక్కువ ఇవ్వకూడదు. తడిగుడ్డతో పెదాలు అద్దింది.

నిజానికి ఆ మిషను తప్పేం లేదు. దాన్ని తిట్టుకుందామని పొద్దుట్నుంచి రెండు మూడుసార్లు ప్రయత్నించింది ఎసెతా, కుదరలేదు. అది మంచిది, చెప్పింది చెప్పినట్టు చేస్తుంది, ఎండకి విసుక్కోదు, కొబ్బరినీళ్ళు అడగదు. దానికి ఏం చెప్పాలో చెప్పింది తనే. రాజధాని నుంచి ఒక చిన్నది వచ్చింది నేర్పించడానికి, పాతికేళ్ళు ఉంటాయేమో, చురుకైన పిల్ల, ఒక్కొక్క రోగి పేరూ, పుట్టిన తేదీ, ఫోను నంబరూ ఎక్కించాలంది. మూడు రోజులు ఊరంతా కమిటీ ఇంటి ముందు బారులు తీరింది. ఫోను నంబరు ఏది అంటే వచ్చినవాళ్ళు వచ్చినట్టు ఇంటిపెద్ద నంబరే చెప్పారు. మరెలా చెబుతారు? ఇంటికి మతాయి ఉండగా, బిరుదు మోస్తున్న మనిషి ఉండగా, సర్కారు కాగితంలో నా నంబరు రాసుకోండి అని ఏ కోడలు చెబుతుంది? పువా వాళ్ళదీ అంతే. పువా తండ్రికి పెదనాన్న అసోమువా ఆ కుటుంబానికి మతాయి, రోడ్డు వైపు పెద్ద ఇల్లు ఆయనది, వెనక కొబ్బరితోటలో, ఆ పైన లోపలి ఊరి దాకా వాళ్ళవాళ్ళే, ముప్ఫై ఒక్కమంది, ముప్ఫై ఒక్కమందికీ ఒక్కటే నంబరు. రాజధాని పిల్ల తల గోక్కుంది. "ఇదేంటక్కా, అందరిదీ ఒకే నంబరు? అమ్మల నంబర్లు తీసుకోవచ్చుగా, వాళ్ళకీ ఫోనులుంటాయి కదా?" ఎసెతా పెద్దరికంగా నవ్వింది. "ఆపియాలో పెరిగావు, నీకు తెలీదులేమ్మా. పెద్దాయనకి తెలియకుండా ఆ ఇంట్లో ఆకు కదలదు. ఆయనకి చెబితే అందరికీ చెప్పినట్టే." ఆ మాట చెప్పినప్పుడు తనకి ఎంత గర్వం. ఊరు తెలిసిన మనిషి తను, మిషను తెలిసిన మనిషి ఆ పిల్ల, ఇద్దరూ కలిస్తే ఇంకేం కావాలి.

అంతటితో ఊరుకుందా, లేదు. మెసేజి ఎలా ఉండాలో ఆ పిల్ల చూపించింది, పువా సూది పన్నెండో తేదీ గురువారం, ఆసుపత్రికి తీసుకురండి, అంతే, ఒక వరుస. ఎసెతాకి ఒళ్ళు మండింది. "మతాయి ఫోనుకి ఇలా పంపుతావా? పనివాణ్ణి పిలిచినట్టు?" ఆ పిల్ల బెదిరిపోయి, పోనీ మీరే చెప్పండక్కా అంది. ఎసెతా చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని చెప్పింది, ఆ పిల్ల టైపు కొట్టింది. గౌరవనీయులైన అసోమువా వారి సన్నిధికి, వారి పీఠానికీ వారి కుటుంబానికీ, ఆరోగ్యకేంద్రం వినయంగా చేసుకునే నమస్కారం, దేవుని దయవల్ల తమరు క్షేమమని తలుస్తున్నాము. ఒక్కో ఇంటిపెద్దకి ఒక్కో బిరుదు మార్చి, మూడు వరుసల మర్యాద. నాలుగో వరుసలో పువా, పన్నెండో తేదీ, సూది. ఆ పిల్ల ఒక్కసారి మాత్రం అంది, చాలా మెల్లగా అంది, "అక్కా, ఫోను తెరవకుండా పైన కనిపించేది మొదటి రెండు మూడు వరుసలేనండీ." కనిపించేది మర్యాదేగా, కనిపించనియ్యి, అంది ఎసెతా. ఇప్పటికీ ఆ గొంతు, తన గొంతే, తన చెవుల్లో అంత స్పష్టంగా వినిపిస్తుంటే చెవులు మూసుకోవాలనిపిస్తోంది.

"పెద్దాయన కూడా వస్తానన్నాడు తోడుగా," తెలేసియా అంటోంది, "వద్దన్నాం. కాళ్ళు వాచి ఉన్నాయిగా ఆయనకీ. ఓడ దగ్గర ప్రార్థన చేశాడు, చూశావా, ఏడ్చాడు. ఆయన ఏడవడం నేనెప్పుడూ చూళ్ళేదు."

చూసింది. చూడలేక అంబులెన్సు వెనక్కి వెళ్ళి నిలబడింది. మంచివాడు అసోమువా. చెడ్డవాడైతే ఎంత తేలికగా ఉండేది. ఆ ఫోనుని ఆయన బైబిలు సంచీలో, ఉతికిన గుడ్డలో చుట్టి పెట్టుకుంటాడు, ఇంకొకరు ముట్టరు, ఆయన చెప్పలేదు ముట్టవద్దని, ఎవరికి వాళ్ళే ముట్టరు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం పాస్టరుగారి ఇంట్లో భోజనాలు, రాళ్ళ పొయ్యిలో కాల్చిన చేపా, కొబ్బరిపాలలో ఉడికిన చేమాకూ, మతాయిలు గోడవార స్తంభాలకి ఆనుకుని కూర్చున్నారు, ఎసెతాకీ పిలుపు, నర్సు కాబట్టి. అసోమువా భోంచేసి, చేతులు కడుక్కుని, గుడ్డ విప్పి ఫోను బయటికి తీశాడు. "మీకెవరికైనా సర్కారు నమస్కారం పెడుతోందా? నాకు పెడుతోంది. ఆరోగ్యకేంద్రం వారు. అసోమువా వారి సన్నిధికి, అని. నెల తప్పదు, ఒక్కో నెల మూడేసి, నాలుగేసి. నా కొడుకులు ఆదివారం కూడా పలకరించరు, ఈ ఆసుపత్రివాళ్ళకున్న బుద్ధి లేదు వాళ్ళకి." పాస్టరుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. "మరి తిరిగి నమస్కారం పెట్టావా లేదా?" అని ఇంకో మతాయి. "పెట్టడం రాదయ్యా, ఫోనుకి తల ఊపుతున్నాను." ఇల్లంతా నవ్వు. స్తంభాల మధ్య విసనకర్రలన్నీ ఆగిపోయి నవ్వు. ఎసెతా కూడా నవ్వింది.

నవ్వుతూ ఉండగానే తెలిసింది. ఆయన కింది వరుస చదవడంలేదు, ఎవరికీ చెప్పడంలేదు, చెప్పాల్సింది ఒకటుందని ఆయనకి తెలియదు. అప్పుడే అనాల్సింది. అయ్యా, తమరు క్షమించాలి, ఆ నమస్కారం కింద ఇంకో మాట ఉంటుంది, అని. పది మాటలు లేవు. కానీ నవ్వుతున్న అందరి ముందు, పాస్టరుగారి ముందు, పక్క కుటుంబాల మతాయిల ముందు, అది అంటే ఏమవుతుంది, మూణ్ణెల్ల నుంచి ఊళ్ళో గొప్పగా చెప్పుకుంటున్నది ఒక్క క్షణంలో ఆయన నెత్తిన పడుతుంది, ముసలాయన ముఖం ఎలా ఐపోతుందో ఎసెతాకి ముందే కనిపించింది. తరవాత విడిగా చెబుదాం అనుకుంది. తరవాత అంటే రేపు. రేపు ఆయన ఆపియా వెళ్ళాడు. ఎల్లుండి వాన. ఆ మర్నాటికి ఆ మాట చెప్పడానికి ఇన్నాళ్ళెందుకు ఆగావు అన్న ప్రశ్న కూడా దానికి తోడైంది, అలా రోజురోజుకీ బరువెక్కి, చివరికి ఎత్తలేనంత అయింది. ఇందులో భయం ఎంత, మర్యాద ఎంత, బద్ధకం ఎంత అని ఎవరైనా నిలదీస్తే విడదీసి చెప్పడం తన వల్ల కాదు. మూడూ ఉన్నాయి, మూడూ తనవే.

ఊపిరి నలభై ఆరు. పెరిగింది. నీరు లాగే మందు ఇంకోసారి ఇవ్వొచ్చు, పదకొండుకి. ఇంకా ఇరవై నిమిషాలు.

ట్యాబులో పట్టిక తెరిస్తే మొదటి పేజీ అంతా ఆకుపచ్చ టిక్కులు. మెసేజి చేరింది, చేరింది, చేరింది. అబద్ధం కాదు, చేరింది, బైబిలు సంచీలోకి చేరింది. సూది వేశామా లేదా అన్నది రెండో పేజీలో ఉంటుంది, అక్కడ పువా పేరు ఎదురుగా ఎర్రగడి, మరుసటి నెలకి రెండు ఎర్రగడులు, తరవాత మూడు. ఎసెతా ఆ పేజీ చూడలేదంటే అబద్ధం. చూసేది, చూసి సాకులు అల్లుకునేది, తండ్రి తోటపనికి ఎటో తీసుకెళ్ళి ఉంటాడు, అవతల ఊరి ఆసుపత్రిలో వేయించుకుని ఉంటుంది, వచ్చే గురువారం నేనే వెళతాను. లోపలి ఊరు నాలుగు మైళ్ళు, ఎండలో, తుసిపా లేకుండా ఒక్కతే ఎలా వెళ్ళడం, కమిటీని మళ్ళీ పిలవాలంటే నేనే వద్దన్నాను కదా. జూన్‌లో ఆపియాలో సభ పెట్టారు, మెసేజిలు నూటికి నూరు చేరిన కేంద్రాలు మూడే ఉన్నాయి మొత్తం దేశంలో, అందులో తమది ఒకటి, చప్పట్లు, పూలదండ, చట్రం కట్టిన కాగితం. ఆ కాగితం ఆసుపత్రి గోడకి కొట్టింది, మేకు వంకర పోయిందని రెండుసార్లు తీసి కొట్టింది కూడా. రెండో పేజీ గురించి సభలో ఎవరూ అడగలేదు. అడిగితే బాగుండునని అప్పుడు అనుకోలేదు, అడగనందుకు ఊపిరి పీల్చుకుంది. అంత చిన్న మనిషి తను.

మొన్న అక్టోబరులో, చర్చిలో పిల్లల ఆదివారం పండగ నాడు, పువాని చూసింది కూడా. తెల్ల గౌను, తెల్లపూలు, చర్చి ముందు వరుసలో నిలబడి వచనం అప్పజెబుతోంది, మంచి కంఠం ఆ పిల్లది. మధ్యలో ఆగింది. మళ్ళీ అందుకుంది, మూడు మాటలు అని మళ్ళీ ఆగింది. బెరుకు పాపం, అనుకున్నారు జనం, పక్కన కూర్చున్నావిడ ఎసెతా మోచేతిని పొడిచి, మర్చిపోయింది చూడు, అంది. మర్చిపోలేదు. ఒక నర్సు, ఇరవై రెండేళ్ళుగా ఈ పనిలో ఉన్న నర్సు, ఊపిరి అందక ఆగడానికీ మాట అందక ఆగడానికీ తేడా తెలియని మనిషి కాదు. ఆ పిల్ల భుజాలు లేస్తున్నాయి. చూసింది. ప్రార్థన అయ్యాక పిలుద్దాం అనుకుంది, ప్రార్థన అయ్యాక ఐస్‌క్రీములు పంచారు, గోల, ఎవరో బిడ్డకి విరోచనాలంటూ వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళారు. తిరిగి వచ్చేసరికి లోపలి ఊరి బండి వెళ్ళిపోయింది. వెళ్ళిపోతే వెళ్ళిపోయింది, మర్నాడు బస్సు లేదా? ఇది నవంబరు. ఐదు వారాలు. ఐదు వారాల బస్సులు వెళ్ళాయి.

పైన ఎవరో గిటారు మీటుతున్నారు, ప్రయాణీకుల వైపు, ఒక ఆడగొంతు నవ్వుతోంది. ఎసెతా చొక్కా జేబు తడుముకుంది. కాగితం ఉంది. పెద్దాసుపత్రి డాక్టరుకి ఇవ్వాల్సిన కాగితం, పొద్దున తొందరలో తనే రాసింది, వయసు, బరువు, నాడి, ఇచ్చిన మందులు, చివర్న ఒక వాక్యం, రోగి ఏడాదిగా ఇంజెక్షనుకు హాజరు కాలేదు. చెయ్యి ఎలా రాసిందో, అలవాటు వాక్యం, ఎన్నో కాగితాల్లో రాసిందే. హాజరు కాలేదు. ఆ డాక్టరు ఇది చదువుతాడు, తలెత్తి, ఎదురుగా నిలబడ్డ ఈ తల్లిని చూస్తాడు. ఏం అంటాడో ఎసెతాకి తెలుసు, ఇదివరకు విన్నదే, కన్నారు గానీ పెంచడం తెలీదా మీకు, అంటాడు. తెలేసియా తల దించుకుని నిలబడుతుంది. తను పక్కనే నిలబడుతుంది, మర్యాదగా.

"డాక్టర్లు తిడతారేమో కదా నర్సమ్మా?" అంది తెలేసియా, సరిగ్గా అదే, లోపల వినపడిందా ఏమిటి అన్నట్టు. "తిడితే తిట్టనియ్యి. నాదే తప్పు అని ముందే చెప్పేస్తాను. మెసేజి రాకపోయినా తల్లిని కదా, ఒకసారి అడగాల్సింది. సిగ్గుపడ్డాను. నర్సమ్మకి తెలీదా, మిషనుకి తెలీదా, మధ్యలో నేనెవర్ని అనుకున్నాను. నువ్వేం అడ్డు రాకు, నీకు మాట పడనివ్వను."

విసనకర్ర గాలి ఎసెతా చేతి మీద కూడా పడుతోంది. తనకి కూడా విసురుతోంది ఈ మనిషి. ఎసెతా అనుకోకుండానే మాట్లాడడం మొదలుపెట్టింది, మధ్యలో దగ్గింది, మళ్ళీ మొదలుపెట్టింది.

"మెసేజిలు వచ్చాయి తెలేసియా. ప్రతి నెలా వచ్చాయి."

"ఎక్కడికి?"

"పెద్దాయన ఫోనుకి. పైన నమస్కారం, కింద పువా పేరు. ఆయన నమస్కారం దాకానే చదువుకున్నాడు. సర్కారు తనని పలకరిస్తోందనుకున్నాడు. అలా రాయించింది నేను. ఆయన చదవడంలేదని నాకు ఫిబ్రవరిలోనే తెలుసు. పాస్టరుగారి ఇంట్లో, ఆయనే చెప్పాడు, అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చెప్పలేదు."

తెలేసియా చెయ్యి విసరడం ఆపలేదు. కొంచెం నెమ్మదించింది అంతే. పిల్ల ముఖం వంకే చూస్తోంది.

"ఎందుకు చెప్పలేదు?"

"అంతమంది ముందు... ఆయనకి చిన్నతనం అవుతుందని."

"చెబితే ఆయనకి చిన్నతనం అయ్యేది."

"అవును."

"అంతేనా?"

"అంతే."

ఓడ ఇంజను హోరు ఒక్కటే ఉంది, అందులో పువా ఊపిరి, తడిగా, తొందరగా. తెలేసియా విసనకర్రని పిల్ల కాళ్ళ దగ్గర పెట్టింది, వాచిన పాదం మీద చెయ్యి వేసింది. కొడుతుందేమో అనుకుంది ఎసెతా. కొడితే బాగుండును, అరిస్తే బాగుండును, పైనున్న జనమంతా దిగివచ్చి చూసేలా అరిస్తే. తెలేసియా అరవలేదు. ఏదో లెక్కవేసుకుంటున్నదానిలా పెదాలు కదిపింది.

"ఆ ఫోనులో ఇంకా ఎవరి పిల్లలున్నారు?"

 ఇంతసేపూ ఎసెతా ఇక్కడ కూర్చుని తన తప్పుని అటు తిప్పీ ఇటు తిప్పీ చూసుకుంది, ఎక్కడ జారిందో, ఎవరి ముందు నవ్విందో, ఎంత చిన్న మనిషో, అన్నీ చూసుకుంది. ఈ ఒక్క మాట మాత్రం తట్టలేదు. అసోమువా ఒక్కడేనా? ఊళ్ళో తొమ్మిదిమంది మతాయిలు, తొమ్మిది ఫోనులు, తొమ్మిదింటికీ మూడేసి వరుసల మర్యాద. రెండో పేజీలో ఎర్రగడులు ఒక్క పువావేనా? ఏడుపు వచ్చేసింది, ఆపుకోలేనంతగా, ముక్కూ నోరూ ఏకమై, పెద్దదాన్ని, నర్సుని అన్న స్పృహ లేకుండా.

"ఏడుపు తరవాత," అంది తెలేసియా. నడుముకి చుట్టుకున్న బట్ట మడతలోంచి ఏదో తీసింది. ఫోను. అద్దం ఒక మూల పగిలి ఉంది, దాని మీద పారదర్శక టేపు అంటించి ఉంది.

"నీకు... ఫోనుందా?"

"నాలుగేళ్ళైంది." నంబరు నొక్కుతోంది, తల ఎత్తలేదు. "నువ్వు అడగలేదుగా... తుసిపా అమ్మమ్మా? నేను, తెలేసియాని. ఆఁ, ఓడలోనే. ఉంది, ఊపిరి తీస్తోంది. అది కాదు, విను, కమిటీని లేపు, అందర్నీ. ఇప్పుడే. నేను చెప్పే పిల్లల్ని ఇళ్ళలోంచి బయటికి లాగి ఆసుపత్రిలో కూర్చోబెట్టండి, సాయంత్రం ఓడకి నర్సమ్మ వచ్చేదాకా ఎవరూ కదలకూడదు. పేర్లు చెప్తాను, ఉండు." ఫోను చెవికి ఆనించుకునే ఎసెతా వైపు గడ్డం ఎత్తింది. ఇప్పుడా కళ్ళలో కృతజ్ఞత లేదు. "చెప్పు. పేర్లు."

ట్యాబు సంచీలో అడుగున ఉంది. ఎసెతా దాని కోసం చెయ్యి పెట్టలేదు. ముక్కు తుడుచుకుని, రోడ్డు వైపు మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టింది, ఎండలో కర్ర చప్పుడు వెనక నడిచిన వరుసలోనే, ఇంటి తరవాత ఇల్లు. లాఫోగా కూతురు మసీనా. వైయోలా మనవడు, నత్తివాడు. బావి దగ్గర ఇంట్లో కవలల్లో పెద్దది. ఒక్కో పేరూ ఎసెతా చెబుతోంది, తెలేసియా ఇంజను హోరుని మించి ఫోనులోకి అరుస్తోంది, ఒక చెయ్యి పువా పాదం మీంచి తియ్యకుండా. ఏడో పేరు దగ్గర తెలేసియా ఆగిపోయింది.

"వాడు మా చెల్లెలి కొడుకు," అంది, మామూలు గొంతుతో.

తరవాత ఆ పేరు కూడా అరిచింది.